మూడో గడిలో సంతకం

దయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయే మనిషిని. భయపడి కాదు, విసుగొచ్చి. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని ఉంచే గదిలో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేశాను. బతకని బిడ్డల్ని తెల్లగుడ్డలో చుట్టి తండ్రుల చేతుల్లో పెట్టింది నేనే. పోయినవాళ్ళు తిరిగొచ్చేదే అయితే ముందు నాకే కనపడాలి. ఒక్కరూ కనపడలేదు.

ఇప్పుడు రాస్తున్నదాన్ని కూడా నేను దయ్యం అనను. ఏమనాలో తెలియదు. దీనివల్ల నా ఉద్యోగం పోయింది, దొంగ సంతకం పెట్టిందన్న పేరు వచ్చింది. ఉద్యోగం పోతే పోయింది. ఆ పేరు మాత్రం మోయలేక రాస్తున్నాను.

నా పేరు నాంచారమ్మ. మాది రేపల్లె. రోజూ పొద్దున రైలెక్కి తెనాలి వెళ్ళి, సాయంత్రం రైలుకి తిరిగొచ్చేదాన్ని. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట, ఆ బిడ్డల గదిలోనే. నేర్పింది మా ఇన్‌చార్జి సిస్టరు సరళమ్మ గారు.

ఒకరోజు ఇద్దరు బిడ్డల్ని ఒళ్ళు తుడిచి తల్లుల దగ్గరికి తీసుకెళ్తూ, ఒకరి బిడ్డని ఇంకొకరికి ఇవ్వబోయాను. అప్పటిదాకా నేను కాలికి కట్టిన దారం రంగుని బట్టి బిడ్డని గుర్తుపట్టేదాన్ని. ఆ రోజు రెండూ పసుపు దారాలే. గుమ్మం దగ్గర సరళమ్మ గారు చూసి ఆపారు.

"నాంచారమ్మా, రంగు చూసి ఇవ్వడానికి ఇవేమన్నా జాకెట్టు ముక్కలా? రేపట్నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక నా దగ్గర కూర్చో," అన్నారు.

"ఈ వయసులో నాకెందుకండీ చదువు?" అన్నాను.

"నీకోసం కాదు. బిడ్డల కోసం."

పలక కూడా లేదు. పాత టెంపరేచర్ చార్టుల వెనక ఆమె రాస్తే, దాని మీద నేను దిద్దేదాన్ని. ముందు నేర్పింది అ ఆలు కాదు, తల్లుల పేర్లు. లక్ష్మి, నాగమణి, రజియా, మరియమ్మ. అలా రెండేళ్ళు ఆమె అక్షరాల మీదే దిద్దాను. అందుకే నా రాత అచ్చం ఆమె రాతలా ఉంటుంది. నాకు ఇంకో దస్తూరి రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా మెడకి చుట్టుకుంది ఇదే.

సరళమ్మ గారు చదివింది మామూలు నర్సింగే. కానీ తెనాలిలోనూ బాపట్లలోనూ ఇవాళ పసిబిడ్డల దగ్గర ధైర్యంగా నిలబడే నర్సుల్లో చాలామంది ఆమె చేతికింద తయారైనవాళ్ళు. బిడ్డని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ మూడుసార్లు గట్టిగా రుద్దుకోవాలి అనేవారు. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడాలి. ముందు పాదం ముట్టుకోవాలి, తర్వాత పొట్ట. పాదం చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోందని అర్థం. అంకెలు చూపించే మిషన్ వైపు చూడటం ఆఖర్న.

నెలలు నిండని బిడ్డలు ఉన్నట్టుండి ఊపిరి తీయడం మర్చిపోతారు. అప్పుడు ముందు అరికాలి మీద వేలితో చిన్నగా కొట్టాలి. కదలకపోతే ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, చేతిలో పట్టే గాలి బ్యాగుని నొక్కాలి. ఎంత నొక్కాలి, ఎంతసేపు వదలాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. అందరూ దాన్ని ఇంగ్లీషులో నేర్పేవాళ్ళు. ఆమె మాత్రం "నొక్కు, విడు, విడు. నొక్కు, విడు, విడు" అనేవారు. దంపుడు పాటలా ఉండేది. ఇరవై ఏళ్ళు విని విని నాకు నిద్రలో కూడా వచ్చేది.

ఇంకొక్కటి. నేర్చుకునే అమ్మాయి తన ఎదురుగా ఒక పని సరిగ్గా చేస్తే, ఆమె ఆ అమ్మాయి పుస్తకంలో "చూశాను, సరళ" అని తెలుగులో రాసేవారు. కంటితో చూడనిది చచ్చినా రాసేవారు కాదు. వాళ్ళ నాన్నగారు పాతకాలం పంతులు. ఆయన దగ్గర నేర్చిన గొలుసుకట్టు రాత ఆమెది. కలం ఒకసారి కాగితానికి ఆనిందంటే పేరు పూర్తయ్యేదాకా పైకి లేచేది కాదు. నాకు మాత్రం అక్షరాలు విడివిడిగా రాసి నేర్పారు. "గొలుసు నీకొద్దులే, కాళ్ళకి చుట్టుకుని పడతావు," అని నవ్వేవారు.

తర్వాత ఆసుపత్రి వాళ్ళ కాలేజీలో, అప్పుడే పుట్టిన బిడ్డల నర్సింగ్ అని ప్రత్యేకంగా ఏడాది కోర్సు పెట్టారు. నేర్పేవాళ్ళకి ఫలానా డిగ్రీ ఉండాలట. సరళమ్మ గారికి లేదు. ఆమెని టీకాల గదికి మార్చారు. ఆ స్థానంలోకి స్వప్న మేడం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. డిగ్రీ ఉంది. బిడ్డల గదిలో పనిచేసింది మాత్రం ఆరు నెలలే.

సరళమ్మ గారు ఏడాదిన్నర టీకాలు వేశారు. ఒక్క మాట ఎవరినీ అనలేదు. ఒక ఆదివారం బాపట్లలో చెల్లెలి ఇంట్లో, కాఫీ తాగుతూ తాగుతూ పోయారు. ఆసుపత్రి నుంచి పూలదండ వెళ్ళింది. దాన్ని తెచ్చిన డ్రైవరూ, నేనూ. అంతే.

కోర్సుకి ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది, లాగ్ బుక్ అంటారు. ప్రతి పనికీ మూడు గడులు. మొదటి గడి చూసినందుకు, రెండోది సాయం చేసినందుకు, మూడోది సొంతంగా చేసినందుకు. మూడో గడి నిండితేనే ఆ పని వచ్చినట్టు. ఇక అప్పటినుంచి అమ్మాయిల్ని బిడ్డల దగ్గర చేయి వేయనిచ్చేవాళ్ళు కాదు. ఏమన్నా అయితే చుట్టాలు గొడవ చేస్తారని డాక్టర్ల భయం. రబ్బరు బొమ్మ మీద ఒకసారి చేయించేవాళ్ళు. కోర్సుని చూడటానికి పైనుంచి తనిఖీ వస్తోందంటే స్వప్న మేడం పుస్తకాలన్నీ తీసుకుని తన గదిలో బీరువాలో పెట్టుకుని, ఖాళీ ఉన్నప్పుడల్లా మూడో గడులు నింపేది. ఒకే పెన్ను. ఒకే సంతకం, ఇంగ్లీషులో. నేను టీ పట్టుకెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను.

ఆ బ్యాచ్‌లో దేవి అని ఒక అమ్మాయి ఉండేది. నిజాంపట్నం పిల్ల, తండ్రి వేట పడవ మీద పనిచేస్తాడు. ఇంగ్లీషు తడబడుతుందని క్లాసులో దాన్ని నిలబెట్టేవాళ్ళు. పక్క పిల్లలు దాని టిఫిన్ డబ్బా తెరవగానే ముక్కు మూసుకునేవాళ్ళు. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు అది ఆ రబ్బరు బొమ్మ ముందు ఒంటరిగా నిలబడి ఉండేది.

"ఏమే, దానికి అన్నం పెడుతున్నావా?" అన్నాను ఒకరోజు.

"లేదు పెద్దమ్మా, ఊపిరి పోస్తన్నా. ఎంత నొక్కినా ఛాతీ లేవట్లా."

అది పెట్టిన మాస్కు బొమ్మ కళ్ళ మీదికి పోయింది. మెడ కిందికి వాలింది. నేను ఆయాని, చెప్పకూడదు. కానీ చెప్పాను. బిడ్డ దేన్నో వాసన చూస్తున్నట్టు ముక్కు కొంచెం పైకి ఉండాలన్నాను. అరచేతులు రుద్దుకోమన్నాను. నొక్కు, విడు, విడు అన్నాను. ఛాతీ లేచింది. దాని మొహం చూడాలి అప్పుడు.

రోజూ మధ్యాహ్నం అదే పని. ఒకరోజు ఇంకో అమ్మాయి చూసేసింది. "ఆయా దగ్గర ట్రైనింగా? నీ సర్టిఫికెట్ మీద చీపురు బొమ్మ వేస్తారేమోలే," అంది.

"వేస్తే వేశారు. గదన్నా శుభ్రంగా ఉంటది," అంది దేవి, తలెత్తకుండానే.

ఇక ఆ రోజు సంగతి.

సరళమ్మ గారి సంవత్సరీకం. నేను సెలవు పెట్టి పొద్దున్నే తెనాలిలో రైలు మారి బాపట్ల వెళ్ళాను. వాళ్ళ చెల్లెలి కొడుకు కర్మ చేశాడు. భోజనాలు లేచేసరికి ఒంటిగంట దాటింది. ఆ పూటంతా నేను ఆమె ఫొటో ఎదురుగానే ఉన్నాను. వాళ్ళ చెల్లెలు నా విస్తట్లో ఇంకో గారె వేస్తూ, "అక్క దగ్గర అంతమంది నేర్చుకున్నారు, నువ్వొక్కదానివే వచ్చావు నాంచారమ్మా," అంది. గోడ గడియారం ఒంటిగంట పది చూపిస్తోంది. ఎందుకు చూశానంటే, రెండు గంటల పాసింజరు అందుకోవాలని. ఆ రైలు టికెట్టు ఇప్పటికీ నా దగ్గరుంది.

మర్నాడు డ్యూటీకి వెళ్ళగానే దేవి పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"పెద్దమ్మా, నిన్న నువ్వు లేకపోతే రమణమ్మ బిడ్డ దక్కేది కాదు."

రమణమ్మ వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో పనిచేసే మనిషి. జీడినూనెకి ఆమె వేళ్ళు నల్లబడి ఉండేవి. ఆ చేతులతో బిడ్డని ముట్టుకోవడానికి సిగ్గుపడేది. కిలోంబావు ఉంటుంది ఆ బిడ్డ.

"నిన్న నేను బాపట్లలో గారెలు తింటున్నానే పిచ్చిమొహమా," అని నవ్వాను.

అది నవ్వలేదు.

అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యాహ్నం సిస్టరు భోజనానికి వెళ్ళింది. గదిలో దేవి ఒక్కతే. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు మిషన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. అంకెలు రావడానికి టైము పడుతుంది. ఆ లోపల దేవికి ఎందుకో రమణమ్మ బిడ్డ వైపు చూడాలనిపించింది. బిడ్డ నీలంగా ఉంది. అరికాలు కొట్టింది, కదల్లేదు. మోచేత్తో బెల్లు నొక్కి, మాస్కు పెట్టింది. కంగారులో లెక్క తప్పింది.

అప్పుడు వెనక ఎడమ పక్కన అరచేతులు రుద్దుకున్న చప్పుడు వినపడిందట. మూడుసార్లు. తర్వాత, "నొక్కు, విడు, విడు" అని మెల్లగా.

"నువ్వే అనుకున్నా పెద్దమ్మా. గొంతు కాస్త తేడాగా ఉంది, మాస్కు పెట్టుకున్నావేమోలే అనుకున్నా. తల తిప్పుదామంటే రెండు చేతులూ బిడ్డ మీదే ఉన్నాయి. బిడ్డ ఏడిచాక చూస్తే లేవు. డాక్టరు గారి కోసం వెళ్ళావనుకున్నా."

ఈ పిల్ల సరళమ్మ గారిని ఎన్నడూ చూడలేదు. ఆమె పోయాకే కోర్సులో చేరింది. భయంలో నా పాఠమే దాని చెవిలో మోగి ఉంటుందని నేను సర్దిచెప్పుకున్నాను. దానికీ అదే చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

వారం తర్వాత తనిఖీ వచ్చింది. పుస్తకాలు తిరగేస్తూ, వచ్చిన మేడం ఒక పేజీ దగ్గర ఆగింది. దేవి పుస్తకం. బ్యాగుతో ఊపిరి అందించడం అన్న వరసలో, మూడో గడిలో, ఆ రోజు తేదీ వేసి ఉంది. టైము ఒంటిగంట పది. పక్కన తెలుగులో "చూశాను, సరళ".

"ఈ సరళ ఎవరు? మీ స్టాఫ్ లిస్టులో లేదే," అని అడిగిందట.

ఎవరో చెప్పారట, ఆమె పోయి ఏడాదైందని.

మధ్యాహ్నం నన్ను అడ్మినిస్ట్రేటరు గారి గదికి పిలిచారు. ఆ గదిని ఇరవై రెండేళ్ళు తుడిచాను. అందులో నాకు కుర్చీ వేయడం అదే మొదటిసారి. తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టారు.

"'చూశాను, సరళ' అని రాయి," అన్నారు ఆయన.

ఆమె నేర్పినట్టే గుండ్రంగా రాశాను. ఆయన ఆ కాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి చూశారు. ఆ చ వంపూ, ఆ ళ మెలికా ఒక్కలాగే ఉన్నాయి. ఉండవా మరి? ఆవిడ అక్షరాల మీద దిద్దిన చేయి ఇది.

"చదువొచ్చింది కదా అని పోయినవాళ్ళ సంతకాలు పెడతావా? ఆ పిల్ల ఏమన్నా అడిగిందా?"

"నేను రాయలేదండి. ఆ రోజు బాపట్లలో ఉన్నానండి."

"ఆ రోజు ఎక్కడుంటే ఏంటి? తర్వాత ఎప్పుడైనా రాయొచ్చు."

అదీ నిజమే. ఆ మాట న్యాయంగానే అన్నారు. అందుకే అసలు సంగతి చెప్పాను. ఆ పుస్తకాలు సంవత్సరీకానికి ముందురోజు నుంచీ తనిఖీ దాకా స్వప్న మేడం బీరువాలోనే ఉన్నాయి, తాళంచెవి ఆమె మెడలోనే ఉంటుంది, నాకెలా దొరుకుతాయండీ అన్నాను.

అందరూ స్వప్న మేడం వైపు చూశారు. పుస్తకాలు తన దగ్గరున్నాయని ఒప్పుకుంటే, వాటితో ఏం చేస్తోందని తనిఖీ వాళ్ళు అడుగుతారు. ముప్ఫై పుస్తకాల మూడో గడులూ బయటపడతాయి.

"లేదు సార్. పుస్తకాలు పిల్లల దగ్గరే ఉన్నాయి," అంది ఆమె. నా వైపు చూడలేదు.

దేవిని పిలిచి అడిగారు. అది తల వంచుకుని నేల చూస్తూ నిలబడింది. పుస్తకం నీ దగ్గరే ఉందా అంటే, అవునంది. ఎవరు రాశారో తెలుసా అంటే, తెలియదంది. రెండో మాట నిజం. మొదటిది అబద్ధం. దాన్ని నేను తప్పు పట్టను. ఇంకో రెండు నెలల్లో కోర్సు అయిపోతుంది. దాని వెనక పడవ మీద తండ్రి ఉన్నాడు.

తప్పు పట్టను అని రాశాను. కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

నన్ను రేపట్నుంచి రావద్దన్నారు. గేటు దాటాక స్వప్న మేడం వెనకే వచ్చింది. స్కూటీ ఆపి, హెల్మెట్ తియ్యకుండానే మాట్లాడింది.

"ఆయమ్మా, నన్ను తిట్టుకోకండి. నా పుస్తకంలో కూడా ఇలాగే నింపారు. నాకూ ఎవరూ చేయించలేదు. బిడ్డకి ఊపిరి ఆగిందంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి."

"రుద్దుకోవాలమ్మా," అన్నాను.

తర్వాత తెలిసింది, ఆ గడిని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన స్వప్న మేడం చేత ఇంగ్లీషులో సంతకం పెట్టించారని. ఆ టైముకి ఆమె తన గదిలో తలుపేసుకుని మిగతా పుస్తకాలు నింపుతోందట. ఆ పుస్తకంలో ఉన్న మూడో గడులన్నిటిలో నిజంగా జరిగిన పని అదొక్కటే. విచారణ జరిగింది దాని మీదే. చూడని వాళ్ళ సంతకాలు చెల్లాయి. "చూశాను" అన్నదే చెల్లలేదు.

రమణమ్మ బిడ్డ బాగుంది. ఆడపిల్ల. పోయిన నెల రేపల్లె వచ్చి చూపించి వెళ్ళింది. దేవికి కోర్సయి, మంచి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. తనిఖీ అయ్యాక, ఎర్రసిరాతో కొట్టేయకముందు ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకుందట. అది నాకిచ్చి, "నువ్వు రాయలేదని నాకు తెలుసు పెద్దమ్మా," అంది. ఆ మాట ఆఫీసులో అని ఉంటే బాగుండేది.

ఆ ఫొటోని మా మనవరాలి చేత పెద్దది చేయించి చూశాను. అప్పుడు కనపడింది. అక్షరాల వంపులు నావే, అంటే ఆమెవే. కానీ ఆ గడిలో ఉన్నది గొలుసుకట్టు. చ దగ్గర ఆనిన కలం మళ్ళీ పైకి లేవలేదు. చివరి ళ దాకా ఒకటే గీత. అడ్మినిస్ట్రేటరు గారి గదిలో నేను రాసిచ్చిన కాగితంలో అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళలో ఒక్కరికీ అది కనపడలేదు. ఇవాళ గొలుసుకట్టు రాసేవాళ్ళు ఎక్కడున్నారు గనక?

స్వప్న మేడం రాయలేదు. ఆమెకి తెలుగు రాత అంతగా రాదు. దేవి ఆ రాతని అంతకుముందు చూడలేదు. బీరువాకి తాళం ఉంది. ఇంకెవరు రాస్తారు? ఎవరైనా చెబితే వింటాను.

నేను మాత్రం అప్పుడప్పుడూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చుని, ఆ ఫొటో ముందు పెట్టుకుని ఆ రెండు మాటలూ రాయాలని చూస్తాను. మనవరాలి పుస్తకాల్లో ఎన్ని పేజీలు పాడుచేశానో. రాదు. ఎంత పట్టి ఉంచినా, అక్షరానికీ అక్షరానికీ మధ్య నా చేయి పైకి లేచిపోతుంది.